బిళ్ల మీద లేని రంగు

కార్న్‌వాల్‌లో, సముద్రపు పొగమంచు
రోజుకు రెండుసార్లు ఎక్కి దిగే లోయలో
డిగొరీ ట్రెవాస్క్ విత్తిన చెట్టు అది.
విత్తినప్పుడు అతనికి నలభై నాలుగు.
మొగ్గ తొడిగేసరికి డెబ్బై ఒకటి.
మధ్యలో ఏం చేశావని ఎవరైనా అడిగితే
"కలుపు తీశాను" అంటాడు.

పద్దెనిమిది గింజలొచ్చాయట అప్పట్లో,
అగ్గిపెట్టెలో, తడి నాచు చుట్టుకుని.
పదకొండు ఎలుకలకు.
ఆరు వానకు.
మిగిలిన దాని మెడలో సీసపు బిళ్ల కట్టాడు:
మాగ్నోలియా, ముదురు గులాబీ, హిమాలయం.
సంపెంగకు ఏ వైపు నుంచో చుట్టమే,
కానీ వాసన దగ్గర పిసినారి,
కాలం దగ్గర మరీను.

ఇరవై ఏడేళ్లు అది ఆకులే వేసింది.
దాని నీడన మాత్రం ఏవేవో బతికాయి:
అన్నీ మూడేసి లెక్కన పెట్టుకునే ట్రిలియం,
పడగెత్తి చూసి మళ్లీ మట్టిలోకి జారుకునే అరిసీమా
(బక్కచిక్కిన ఏడు మగది, ఒళ్లు చేసిన ఏడు ఆడది),
ఇంకా ఆ నీలం గసగసాల మొక్క,
పూసిన ఏడే చచ్చిపోయి
జూన్ జూన్‌కీ కొత్తగా ఏడిపించేది.
నేను పనిలో చేరిన రోజు
అతని భార్య టామ్సిన్ పైకొమ్మకేసి చూపించి
"దానికేం తొందర లేదు, నీకుంటే ఇప్పుడే చెప్పు" అంది.

ఈ ఫిబ్రవరిలో ఎనిమిది మొగ్గలు.
బూడిదరంగు బొచ్చుతో, పిల్లి పాదాల్లా.
తొడుగులు చిట్లిన రాత్రే
నీళ్లు గడ్డకట్టే చలి వస్తుందని రేడియో చెప్పింది.

నేను నిచ్చెన పట్టుకున్నాను.
అతని మోకాళ్లు మెట్టుమెట్టుకూ చప్పుడు చేస్తున్నాయి.
టామ్సిన్ ఇంట్లోని దుప్పట్లన్నీ మోసుకొచ్చింది,
ఆఖరికి తన ఉన్ని పావడా కూడా.
నిచ్చెనకు అందింది ఒక్క మొగ్గే.
దానికి పావడా కట్టాడు,
పన్ను నొప్పి పిల్లాడి దవడకు గుడ్డ కట్టినట్టు.
దుప్పట్లు కిందే ఉండిపోయాయి.
దిగుతూ దిగుతూ మిగతా ఏడింటికీ ఏదో చెప్పాడు.
నాకు వినపడనివ్వలేదు.

తెల్లారేసరికి ఏడూ
వాడేసిన టీ సంచుల్లా వేలాడుతున్నాయి.

మూడో రోజు పావడా విప్పాం.
పళ్లెమంత పువ్వు.
తెలుపు.
గులాబీ కాదు, గులాబీకి పొరుగు కూడా కాదు,
కాచి దించిన పాల మీద కట్టే మీగడ తెలుపు.
రేకు మొదట్లో మాత్రం
గోటితో నొక్కితే పడేంత ఎర్రమరక.

నేను బిళ్ల వంక చూశాను.
అతనూ చూశాడు.
ఇరవై ఏడేళ్లు ఒక పేరు పెట్టి పిలిచాక
"అది నేను కాదు" అని బదులొస్తే
మనిషి ఏం చేస్తాడు?
డిగొరీ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"ఏ కొండ మీదో ఏ పురుగో
తప్పు గడప తొక్కింది" అన్నాడు.
జేబులో మేకు తీసి బిళ్ల మీది పేరు గీకేశాడు.
కొత్త పేరు రాయలేదు.
తారీఖు వేసి, దాని కింద చిన్నగా:
పావడా.

అక్టోబరులో కాయ పగిలి
నాలుగు ఎర్ర గింజలు సన్నటి దారాలకు వేలాడాయి.
గిన్నెలు తోమే సబ్బుతో టామ్సిన్ వాటి తోలు కడిగేసింది.
లోపల నల్లగా మెరిశాయి.
తడి నాచులో, జాడీలో, ఫ్రిజ్‌లో,
వెన్నకీ పొగచేపకీ మధ్య చోటిచ్చింది.
ఇప్పటినుంచి ఇరవై ఏడు.
ఆ కూడిక ఎవరూ పైకి చెయ్యలేదు.

నిన్న పాలు తీయబోయి జాడీ ఎత్తి చూశాను.
మూడు గింజలు గింజల్లాగే ఉన్నాయి.
నాలుగోదాని అంచున తెల్లటి కొన,
ఇంకా వేరు అనడానికి లేదు.
తలుపు మెల్లగా మూశాను,
లోపలి దీపం ఆరేదాకా.